వీపు కొలత

ఈ గౌను కుట్టినవాడెవడో గాని, మనిషికి వీపనేది ఒకటుంటుందని వాడికెవరూ చెప్పినట్టు లేదు, ముందువైపు గుడ్డ ధారాళంగా పోసి వెనక్కి వచ్చేసరికి పిసినారితనం చేశాడు, మెడ దగ్గర ఒక నాడా, నడుం దగ్గర ఒక నాడా తగిలించి చేతులు దులుపుకున్నాడు, చంకలో కుట్టు చూడు, కుట్టుకీ కుట్టుకీ మధ్య చిటికెనవేలు దూరుతుంది, అంచు మడత కూడా కొట్టలేదు, ఇలాంటిది నా కొట్లోంచి బయటికి వెళ్ళుంటే బోర్డు దించేసి ఇంట్లో కూర్చుందును, అని దర్జీ మాస్టారు ఆ పరీక్షల ఆస్పత్రిలో బల్ల మీద కూర్చుని తిట్టుకుంటున్నాడు, తిట్టుకోవడమంతా పైపైకే, లోపల మాత్రం కొత్త చొక్కా తొడుక్కున్న చంటాడిలా ఉంది మనసు, ఒకచోట నిలవడం లేదు, రోగం లేకుండా ఆస్పత్రికి రావడం ఇదే మొదలు, ఇన్నేళ్ళూ ఎవరో ఒకరిని నడిపించుకునో మోసుకునో వచ్చాడు, ఇవాళ చేతులూపుకుంటూ వచ్చాడు, డబ్బు కట్టి మరీ వచ్చాడు, నాకేమీ లేదని చెప్పండి బాబూ అని డబ్బు కట్టడం, ఎవరైనా వింటే నవ్విపోతారు, నవ్వితే నవ్వనీ, పొద్దుటినుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ లోపలికి పోలేదు, ఆ నీళ్ళు మాత్రం సీసా వెనక సీసా తాగించింది నర్సమ్మ, స్కానింగుకి నిండుగా ఉండాలి అంకుల్, ఆపుకోండి, ఆపుకుంటేనే బొమ్మ బాగా పడుతుంది అని, ఎంతసేపమ్మా అని అడుగుదామనుకుని అడగలేదు, అడగడం ఆయనకి అలవాటు లేదు, నలభై ఏళ్ళు పెదాల మధ్య సూదులు పెట్టుకుని బతికినవాడికి మాటలు పెట్టుకునే చోటెక్కడిది, కొట్టుకొచ్చే వాళ్ళు కూడా మాస్టారు ఊఁ అన్నాడంటే శుక్రవారానికిస్తాడని, ఊఁహూఁ అన్నాడంటే కుదరదని తెలుసుకున్నారు, అంతే, ఇంకో మాట అవసరం పడలేదు. ఈ గౌను తొడుక్కునేటప్పుడే మెడ నాడా ఊడి చేతిలోకొచ్చింది, బట్టలు మార్చుకునే గదిలో నిలబడి, చొక్కా కాలరు కింద ఎడమవైపు ఎప్పుడూ గుచ్చి ఉండే సూదీ దారం తీసి, నాడాకి నాలుగు కుట్లు బిగించి, దారం పళ్ళతో కొరికి, చొక్కా మడిచి అరలో పెట్టి తాళం వేశాడు, అదంతా చెయ్యి చేసేసింది, బుర్రకి కబురే లేదు, తీరా కట్టుకుందామంటే చేతులు వెనక్కి పోవు, మిషను మీద వంగి వంగి భుజం పట్టేసింది, మెడ నాడా ఎలాగో ముడిపడింది, నడుం నాడా అందలేదు, పోనీలే, గోడకి వీపానించి కూర్చుంటే ఎవరు చూడొచ్చారు అని వదిలేశాడు.

ఇదంతా కాజాలామె నోటినుంచి వచ్చిన ఒక్క మాట మూలాన, ఆమె ఆయన కొట్లో గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని చొక్కాలకి కాజాలు తీసి గుండీలు కుడుతుంది, చిన్న కన్నం కత్తిరించి చుట్టూ దారం చుడుతుంది, చుట్టిందంటే చొక్కా చిరగాలి గాని కాజా చిరగదు, ఊళ్ళో సగం మంది గుండెల మీద ఆమె చేతి కుట్టు ఉంది, మనిషి మాత్రం నోరు ఊరుకోదు, మాస్టారూ ఈ పంతులుగారికి పొట్ట పెరిగినట్టుంది, గుండీ కాదు గడియ పెట్టాలి అంటుంది, కళ్ళద్దాలు నెత్తి మీద పెట్టుకుని కొట్టంతా వెతుకుతుంది, మధ్యాహ్నం ఎవరి డబ్బా వాళ్ళు ఎవరి గోడ వైపు తిరిగి వాళ్ళు తినేవాళ్ళు, ఈమధ్య ఆమె స్టూలు ఇటు తిప్పుకుంది, ఆ రోజునుంచి మాస్టారుకి అన్నం కాస్త ఎక్కువ దిగుతోంది. మొన్నామధ్య బావమరిది వచ్చాడు, పోయిన ఇల్లాలికి తమ్ముడు, బస్సు నడుపుతాడు, మనసులో ఏదీ దాచుకోలేని మనిషి, ఆమె ముందే, బావా, మా అక్క పోయి ఎన్నేళ్ళయిందయ్యా, ఇంకా ఎన్నాళ్ళు ఆ మిషనుతోనే కాపరం చేస్తావు, అని ఆమె వంక చూసి ఇకిలించాడు, మాస్టారు మిషను చక్రం గట్టిగా తిప్పాడు, ఆమె తలెత్తకుండానే, అయ్యా నాకు మూత్రం గిన్నెలెత్తే ఓపిక ఇంక లేదు, మా ఆయన పోయేదాకా ఎత్తీ ఎత్తీ నడుం విరిగింది, ఒళ్ళు గట్టిగా ఉన్నవాడు ఎవరైనా ఉంటే పట్టుకురండి, చూద్దాం, అని నవ్వింది, నవ్వుతూనే అంది, బావమరిది కూడా నవ్వాడు, మాస్టారు మాత్రం నవ్వలేదు, ఎవరైనా ఇంత పొడుగు అంటే ఇంత అని రాసుకునే మనిషి ఆయన, అది కొలత కింద రాసుకున్నాడు, ఒళ్ళు గట్టిగా ఉన్నవాడు.

ఆయనకి మాత్రం తెలియదా ఆ గిన్నెల సంగతి, ఇంటిదానికి కడుపులో నొప్పి నొప్పి అంటే వాము నీళ్ళు తాగు అని ఎన్నిసార్లు అన్నాడో, ఆఖరికి పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ముందే వచ్చుంటే బాగుండేదండీ అన్నాడు, ముందే అన్న ఆ ఒక్క మాట చెవిలో సూది విరిగినట్టు ఉండిపోయింది, తీద్దామంటే రాదు, అందుకే బావమరిది, బస్సుకి ఏటేటా పరీక్ష చేయిస్తారు బావా, మనిషికెవరు చేయిస్తారు, అదుగో ఆ రోడ్డు మూలన పెద్ద అద్దాల ఆస్పత్రి పెట్టారు, తలనుంచి గోరు దాకా చూసి కాగితం ఇస్తారట, అన్నప్పుడు మాస్టారు ఊఁ అన్నాడు, అంచులు కొట్టే కొత్త మిషను కొందామని దాచింది తీసి దీనికి కట్టాడు, పాత మిషను ఇంకో రెండేళ్ళు గొణుగుతుంది, గొణగనీ, కౌంటరు దగ్గర పిల్ల ఎంత ముద్దుగా మాట్లాడిందని, అంకుల్, ఇంట్లో ఆంటీని కూడా తీసుకొస్తే ఇద్దరికీ కలిపి తగ్గింపుంది, జంట ప్యాకేజీ, బోర్డు చూడండి అంది, ఊఁహూఁ, ఒక్కడినే, అన్నాడు, అన్నాడు గాని ఆ జంట అన్న మాట దగ్గర చెవులు వేడెక్కాయి, ఈ వయసులో చెవులు వేడెక్కడమేమిటి అనుకుంటూ రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం కాగితం చేతికొస్తుంది, కొట్టుకి వెళ్తాడు, కాగితం ఆమె స్టూలు మీద పెడతాడు, కోట్లకి లోపల వేసే అస్తరు గుడ్డ కొనడానికి వెళ్తున్నానని పొద్దున అబద్ధం చెప్పి వచ్చాడు, అదొక్కటే బాగాలేదు, కాగితం పెట్టి, ఒళ్ళు గట్టిగా ఉన్నవాణ్ణి తెచ్చానండీ అంటాడు, అంత మాట అనగలడా, అనలేకపోతే కాగితం పెట్టి ఊరుకుంటాడు, చదువుకోనీ.

ఇంతవరకూ అన్నీ బాగానే నడిచాయి, అదీ అసలు సంతోషం, ఒక్కో గదిలోకి వెళ్ళి వస్తుంటే ఒక్కో గుండీ పెట్టుకున్నట్టుంది, ముందు పొడుగు కొలిచారు, కొలిచే కర్ర పక్కన నిలబడ్డప్పుడు ఆయనకి తెలియకుండానే ఊపిరి బిగబట్టి నిటారుగా అయ్యాడు, కొట్లో అందరూ చేసే పనే, టేపు పెట్టగానే పొట్ట లోపలికి పోతుంది, ఊపిరి వదలండి సార్ అని తను అందరికీ చెప్పే మాట ఇవాళ ఈ పిల్ల తనకి చెప్పింది, రక్తం తీసిన కుర్రది సూది భలే గుచ్చింది, నొప్పే తెలియలేదు, శభాష్ అందామనుకున్నాడు, తోటి సూది పనివాడిగా, బీపీ గుడ్డ చేతికి చుట్టి గాలి కొడితే అది బిగుస్తుంటే నవ్వొచ్చింది, చెయ్యి కొలత కొంచెం ఎక్కువైందమ్మా, వదులు చెయ్యి అనాలనిపించింది, బీపీ కొంచెం ఉందంకుల్, కొంచెమే, ఉప్పు తగ్గించండి అంది, కొంచెం అంటే అరంగుళం, అరంగుళం తేడా లోపలి మడతలో పోతుంది, పరవాలేదు, ఛాతీ మీద చల్లగా ఏదో పూసి తీగలు తగిలించి గుండె గీతలు గీశారు, కాగితం జరజరా బయటికొచ్చింది, చూస్తే ఏముంది, అచ్చం జిగ్‌జాగ్ కుట్టు, ఒక్క చోట తప్పలేదు, ఇంత నీటుగా కుడుతోందా లోపల నా గుండె, ఎవరూ చెప్పకుండానే, కరెంటు లేకుండానే, అని ఆయనకి ఒళ్ళు పులకరించింది, ఆ కాగితం ముక్క ఇస్తే ఆమెకి చూపించేవాడు, చూడండి ఈ కుట్టు అని, ఇంక ఎక్స్‌రే ఒకటి, స్కానింగు ఒకటి, కళ్ళ డాక్టరు ఒకటి, నీళ్ళు మాత్రం గొంతు దాకా వచ్చాయి, కాలు మీద కాలు వేసి, తీసి, మళ్ళీ వేసి, పక్కన కూర్చున్న ముసలాయన కూడా అదే అవస్థలో ఉన్నట్టున్నాడు, ఇద్దరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని అర్థమైందన్నట్టు తలలూపుకున్నారు.

ఎక్స్‌రే గదిలో గడ్డం కుర్రాడు, తెల్లకోటు, పెద్దాయనా ఉంగరాలు, గొలుసులు, వాచీ ఏమన్నా ఉన్నాయా, అన్నీ తీశానయ్యా, పై జేబులో చిల్లర, ఈ గౌనుకి జేబెక్కడిది బాబూ, కుర్రాడు నవ్వి మెడా చేతులూ చూసి, ఆ పలకకి ఛాతీ ఆనించండి, గడ్డం పైకి, భుజాలు ముందుకి, ఊపిరి పీల్చండి, ఆపండి, టక్, అయిపోయింది, ఇంతేనా అనుకున్నాడు మాస్టారు, ఫోటో స్టూడియోలో కూడా ఇంకాసేపు నిలబెడతారు, అద్దం వెనకాల కుర్రాడు తెర మీదకి వంగాడు, ఇంకా వంగాడు, తెర మీద వేలు పెట్టి ఆగిపోయాడు, గుడ్డ మీద మరక కనపడ్డప్పుడు తనూ అలాగే ఆగుతాడు, అది తెలుసు గనక మాస్టారు పలక దగ్గరే నిలబడిపోయాడు, కుర్రాడు బయటికొచ్చి, మెల్లిగా, పెద్దాయనా, మీరేం పని చేస్తారు, దర్జీని, ఎప్పుడన్నా సూది మింగారా, అన్నాడు. దర్జీని పట్టుకుని అడగాల్సిన మాటేనా అది, ఏమిటది బాబూ, ఛాతీలో ఎడమవైపు సూదిలా కనపడుతోంది, తెల్లగా, సన్నగా, బెజ్జంతో సహా, మీరు కంగారు పడకండి, డాక్టరమ్మని పిలుచుకొస్తాను, అప్పటిదాకా బయట బల్ల మీద ఊరికే కూర్చోండి, ఎక్కువ కదలకండి, అని ఆ కుర్రాడు వరండాలో పరుగులాంటి నడక నడిచాడు, పరుగెత్తకుండా పరుగెత్తడం, అది ఇంటిదాన్ని లోపలికి తీసుకెళ్ళినప్పుడు నర్సులు నడిచిన నడక.

సూది, గుండె పక్కన, అయ్యుంటుంది, ఎందుకు కాదు, నలభై ఏళ్ళుగా పెదాల మధ్య ఎన్ని పెట్టుకోలేదు, తుమ్ము వచ్చినా పెట్టుకునే ఉన్నాడు, ఎవరో దుకాణం ముందు టపాకాయలాంటి మాట అంటే నవ్వబోయి ఆపుకున్న రోజులున్నాయి, ఒకసారి సూది కనపడక కొట్టంతా ఊడ్చి, అయస్కాంతం పెట్టి వెతికి, దొరక్క, కొత్తది తీసుకున్నాడే, అది ఏ గుడ్డలోనో పోయిందనుకున్నాడు, గుడ్డలో కాదన్నమాట, ఇన్ని సంవత్సరాలుగా అది లోపల ప్రయాణం కట్టి, మెల్లిగా, మెల్లిగా, దారి వెతుక్కుంటూ, గుండె చిరునామా కనుక్కుంది, పోయిన సంక్రాంతికి జ్వరమొచ్చినప్పుడు గుచ్చుకున్నట్టనిపించింది, గాసు అనుకున్నాడు, మొన్న ఆమె స్టూలు ఇటు తిప్పినప్పుడు గుండెలో చురుక్కుమంది, అది ఇంకోటనుకుని మురిసిపోయాడే, అది కూడా ఈ సూదేనా, ఛీ, ఇంక కాగితం ఎక్కడిది, ఒళ్ళు గట్టిగా ఉన్నవాడెక్కడ, సూదిని మోసుకు తిరిగేవాణ్ణి ఆమె ముందు ఎలా నిలబెట్టేది, కొయ్యాలంటారు, మంచం అంటారు, గిన్నె అంటారు, ఆ గిన్నె ఆమె చేతికా, ఒద్దు, ఎవరికీ చెప్పకూడదు, చెప్పకుండా ఊరుకోవాలి, బావమరిదికి మాత్రం ఒక మాట, కొట్టు తాళం ఇంకొకటి వాడి దగ్గరుంది, అని ఇంత గట్టిగా అనుకుంటూండగానే ఆస్పత్రివాళ్ళిచ్చిన సంచిలోంచి ఫోను చేతిలోకొచ్చింది, నొక్కడం అయింది, అవతల మోగడం అయింది, బుర్రకి కబురు వచ్చేసరికి ఆమె గొంతు వినపడింది, ఆఁ మాస్టారూ, అస్తరు దొరికిందా, తెల్లది కాదు, గోధుమరంగు, స్కూలు కోట్లకి, మళ్ళీ తెల్లది తెచ్చి నా ప్రాణం తియ్యకండి. ఆస్పత్రిలో ఉన్నానండీ. ఏ ఆస్పత్రి, పడ్డారా, పడలేదండీ, సూది, సూదేమిటి, గుండెలో సూదుందంట, ఎక్స్‌రేలో పడింది, ఇంక అక్కణ్ణుంచి ఆయన నోరు ఆయన మాట వినలేదు, ఏడాదిలో మాట్లాడాల్సిందంతా ఒక్క ఊపిరిలో వచ్చేసింది, అస్తరు కోసం కాదండీ, ఒళ్ళంతా పరీక్ష చేయించుకోడానికి వచ్చా, ఏమీ లేదని కాగితం పట్టుకొచ్చి సాయంత్రం మిమ్మల్ని అడుగుదామనుకున్నా, ఒళ్ళు గట్టిగా ఉన్నవాణ్ణి తెమ్మన్నారు కదా, నన్నే తెద్దామనుకున్నా, ఇప్పుడేమో సూదొచ్చింది, అందుకని ఇంక అడగనండీ, మీరేం మనసులో పెట్టుకోకండి, గోధుమరంగు అస్తరు మార్కెట్లో రెండో కొట్లో ఉంటుంది, అంటున్నాడు, ఎక్కడున్నావు నువ్వు, అంది ఆమె, నువ్వు అంది, ఎప్పుడూ అనలేదు, రోడ్డు మూలన, అద్దాల ఆస్పత్రి, ఒక్కడివే వెళ్ళావా, బుద్ధుండక్కర్లా, కదలకు, దగ్గకు, తుమ్మకు, ఎవడన్నా కోస్తానంటే నేనొచ్చేదాకా కోయనివ్వకు, వస్తున్నా, అని పెట్టేసింది.

దగ్గకు అనగానే దగ్గు వస్తోంది, ఆపుకున్నాడు, కింద నీళ్ళు, పైన దగ్గు, మధ్యలో సూది, ఇదేం బతుకురా దేవుడా అనుకుంటుంటే గడ్డం కుర్రాడు డాక్టరమ్మని వెంటబెట్టుకుని వస్తున్నాడు, దూరంనుంచే మాస్టారు కన్ను కుర్రాడి కోటు మీద పడింది, రెండో గుండీ, ఒక్క దారం మీద వేలాడుతోంది, ఇవాళో రేపో ఊడిపోతుంది, కాళ్ళ కింద పడితే దొరకదు, ఇలాంటి తెల్ల గుండీ మళ్ళీ జత దొరకడం కష్టం, చావు పక్కనే కూర్చున్నా కన్ను దాని పని అది చేసుకుపోతోంది, ఇలా రా బాబూ, ఆ గుండీ, అని చెయ్యి లేచింది, లేచి, నలభై ఏళ్ళుగా ఎక్కడికి వెళ్తుందో అక్కడికే వెళ్ళింది, ఎడమ ఛాతీ మీదకి, రెండు వేళ్ళు మూసుకున్నాయి, లాగాయి, వచ్చింది. సూది. బెజ్జంలో జానెడు దారం ముక్కతో సహా. మెడ నాడా కుట్టి, దారం కొరికి, గుచ్చుకునే చోట గుచ్చుకున్నాడు, చొక్కా మీద అయితేనేం గౌను మీద అయితేనేం, చేతికి ఛాతీ ఒక్కటే తెలుసు. ముగ్గురూ ఆ సూది వంక చూశారు. కుర్రాడు నోరు తెరిచి, పెద్దాయనా, లోహం ఏమీ లేదన్నారుగా, అన్నాడు, ఇది లోహమని నాకు ఎప్పుడూ అనిపించలేదు బాబూ అన్నాడు మాస్టారు, అది నిజమే, డాక్టరమ్మ ముందు కోపంగా ముఖం పెట్టబోయి, పెట్టలేక, గోడకి ఆనుకుని నవ్వింది, బల్ల మీది ముసలాయన నవ్వాడు, నవ్వి, అయ్యో అని కాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు, మాస్టారుకి మాత్రం నవ్వు కడుపులోంచి కాదు, ఎక్కడో అరికాళ్ళలోంచి ఎక్కుకుంటూ వచ్చింది, నవ్వుతూనే కుర్రాణ్ణి నిలబెట్టి గుండీ బిగించాడు, కోటు మీదే, నాలుగు కన్నాల్లోంచీ, దారం కొరికి, ఈసారి సూది ఎక్కడ పెట్టాలో తెలియక డాక్టరమ్మ చేతికిచ్చాడు, ఆమె దాన్ని పువ్వు పట్టుకున్నట్టు పట్టుకుంది. మళ్ళీ ఎక్స్‌రే తీశారు, అద్దంలా ఉంది, ఏమీ లేదు, ఊపిరితిత్తులు రెండూ ఇస్త్రీ చేసినట్టున్నాయి, మిగతావి రేపు తెలుస్తాయి, ఇప్పటికైతే బాగున్నారు అంది డాక్టరమ్మ, ఆయన ఎప్పుడూ లేనిది ఒక ప్రశ్న అడిగాడు, ఇంక ముందు కూడా ఏమీ రాదని రాసిస్తారా అమ్మా, డాక్టరమ్మ ఆయన ముఖం చూసింది, అలా రాసిచ్చే ఆస్పత్రి ఎక్కడన్నా ఉంటే చెప్పండి, ముందు నేను వెళ్తా, మేము చూసేది ఇవాళ ఎలా ఉందనే, ఏదన్నా మొదలైతే ముందే పట్టుకుందామని, అంతే, అంది. ముందే. ఆ మాట ఈసారి గుచ్చుకోలేదు.

స్కానింగు అయింది, కడుపు మీద చల్లటి జిగురు, చీకటి తెర, అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయంకుల్, ఇంక వెళ్ళొచ్చు అనగానే మరుగుదొడ్డికి పరుగు, ఆ తర్వాత వచ్చిన సుఖం ముందు ఇంకే సుఖమూ నిలవదు, గోడకి చెయ్యానించి కళ్ళు మూసుకుని నిలబడ్డాడు, అప్పుడు గుర్తొచ్చింది, ఆమె వస్తోంది, ఫోను చేసి రావద్దని చెప్పాలి, ఏమీ లేదండీ, సూది బయటే ఉంది అని, చెప్తే ఆగిపోతుంది, వెనక్కి వెళ్ళి కోట్లకి గుండీలు కుట్టుకుంటుంది, సాయంత్రం తను వెళ్తే మళ్ళీ మీరు అంటుంది, ఫోను తీశాడు, ఇందాక తనంతట తానే నొక్కిన చెయ్యి ఇప్పుడు నొక్కమంటే నొక్కదు, మొండికేసింది, సరే నీ ఇష్టం అన్నాడు చేతితో, సంచిలో పెట్టేశాడు, అలా పెడుతూ వరండాలోకి వచ్చాడు, మాస్టారూ! వెనకనుంచి. వెనక, అంటే గౌనుకి గుడ్డ లేని వైపు, ఒక్క గెంతులో గోడకి అతుక్కుపోయాడు, ఆమె నిలబడి ఉంది, మెడలో టేపు అలాగే వేలాడుతోంది, తీసి రావడం మరిచిపోయింది, కళ్ళద్దాలు నెత్తి మీద, ఊపిరి అందడం లేదు, ఏదీ సూది, కోసేశారా, ఊఁహూఁ, మరి, గౌను మీద ఉందండీ, గౌను మీదేమిటి, నేనే గుచ్చుకున్నా, నాడా కుట్టి. ఆమె ఆయన్ని పైనుంచి కింద దాకా చూసింది, చూసి, బల్ల మీద కూలబడింది, నవ్వుతుందేమో అనుకున్నాడు, నవ్వలేదు, టేపు అంచుతో కళ్ళు ఒత్తుకుంది, తర్వాత లేచింది, లేచి మొదలుపెట్టింది, నీ మొహం మండా, స్కూలు కోట్లు గుమ్మంలో పడేసి, కొట్టుకి తాళం వేశానో లేదో కూడా తెలియకుండా, బస్సు ఆగకపోతే చెయ్యి అడ్డంపెట్టి, వాడు తిడితే నేను తిట్టి, అంతా ఈ గౌను మీది సూది కోసమా, ఆస్పత్రికి వచ్చి సూది దాచుకున్నవాణ్ణి నిన్నే చూశా, అసలు ఎవరు రమ్మన్నారు నిన్ను, మీరే కదండీ, ఒళ్ళు గట్టిగా ఉన్నవాడు అన్నారు, గిన్నెలెత్తే ఓపిక లేదన్నారు, అని మాస్టారు నేల చూస్తూ చెప్పాడు. ఓపిక లేదన్నానే గాని రానన్నానా, అంది ఆమె.

కౌంటరు పిల్ల ఆ అరుపులు విని వచ్చి, ఏమైందంకుల్, ఈవిడ, అంది, ఆమె గిరుక్కున తిరిగి, అమ్మాయ్, బయట బోర్డు మీద చూశాను, ఇద్దరికీ కలిపితే తగ్గింపంట కదా, ఈయన ఒక్కడికే పూర్తిగా కట్టించుకున్నారేమిటి, అడిగేవాళ్ళు లేరనా, పిల్ల బిత్తరపోయి, ఇప్పుడైనా కలుపుతానాంటీ, కాకపోతే మీరు ఏమీ తినకుండా రావాలి, తిన్నానమ్మా, తిని టీ కూడా తాగా, అయితే రేపు పొద్దున, సరే రేపు వస్తాం, అంది. వస్తాం అని మాస్టారుకి వినపడింది, గోడకే వినపడిందా తనకి వినపడిందా అని ఇంకోసారి లోపల తిప్పి చూసుకున్నాడు, వస్తాం, అంతే, అంతకంటే ఏ కాగితం మీద ఏమి రాస్తారు, పిల్ల వెళ్ళిపోయింది, అటు తిరుగు అంది ఆమె, తిరగడానికి లేదండీ, వెనకాల, తెలుసు వచ్చేటప్పుడే చూశా, తిరగమన్నానా, తిరిగాడు, నడుం నాడాలు రెండూ దొరకబుచ్చుకుని ఆమె ముడివేస్తోంది, గట్టిగా, కాజా చుట్టినట్టు, ముడివేసి చేతులు తీస్తుందనుకుంటే తియ్యలేదు, టేపు చప్పుడైంది, ఈ భుజంనుంచి ఆ భుజానికి చల్లగా ఏదో పాకింది, ఎన్నాళ్ళనుంచో చూస్తున్నా, నీ చొక్కాలన్నీ భుజాల దగ్గర జారిపోతుంటాయి, ఊళ్ళో అందరికీ కుదిరేలా కుట్టి నీకు మాత్రం ఇలా కుట్టుకుంటావేమిటి, అంది, ఎందుకో ఆయనకి తెలుసు, చొక్కా కొలతల్లో ముందువి తనే తీసుకునేవాడు, వీపు కొలత మాత్రం ఇంటిదే తీసేది, ఇల్లాలు పోయాక అదే పాత కొలతతో కుట్టుకుంటూ వచ్చాడు, ఒళ్ళు తగ్గిందో పెరిగిందో తెలియకుండా, టేపు వీపు మీద ఒక్క చేత్తో నిలవదు, రెండో కొస పట్టుకునే చెయ్యి వెనకాల ఉండాలి, ఇన్ని గదులు తిరిగాడు, రక్తం, గుండె, ఊపిరి, అన్నీ చూశారు, ఈ ఒక్క కొలతా ఎవరూ తియ్యలేదు, తియ్యడం వాళ్ళ పని కాదు, వాళ్ళు చెప్పేది ఇవాళ బాగున్నావనే, అదీ కావాలి, రేపు మళ్ళీ వచ్చి చూపించుకుంటాడు, ఆమెని కూడా చూపిస్తాడు, ఏటేటా వస్తారు, కాని మనిషి ఒళ్ళు గట్టిగా ఉందో లేదో అన్నది కాదు ఆయన ఇన్నాళ్ళూ కొలుచుకోలేకపోయింది, తన వీపు, ఒక అంగుళం తగ్గావు, అంది ఆమె వెనకనుంచి, ఊఁ, అన్నాడు మాస్టారు, ఆ ఊఁకి అర్థం శుక్రవారానికిస్తానని కాదని, ఆమెకి కూడా తెలుసునని, ఆయనకి తెలిసింది.